లేని కాలి నాడి

ఆ నర్సింగ్ కాలేజీలో మూడో సంవత్సరం చదివే ఒక అమ్మాయిని అందరూ పన్నాలు అని పిలిచేవారు. ఎప్పుడూ ధర్మపన్నాలు వల్లిస్తుందని మొదట్లో ఎగతాళిగా పెట్టిన పేరు. రెండేళ్ళు గడిచేసరికి ఎగతాళి అరిగిపోయి పేరు మాత్రం మిగిలింది. మెస్సులో వంటమనిషి కూడా "పన్నాలమ్మకి ఇంకో గరిటె వెయ్యండి" అనేదాకా వచ్చింది. ఆ అమ్మాయికి ఆ పేరంటే కోపం లేదు. లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది.

గర్వపడడానికి కారణాలున్నాయి. వృత్తి ప్రమాణాన్ని కాగితం చూడకుండా, గొంతు ఎక్కడ దించాలో అక్కడ దించుతూ చెప్పగలిగింది కాలేజీ మొత్తానికి ఆమె ఒక్కతే. నర్సుకి నీతి ఎందుకు అన్న అంశం మీద వక్తృత్వంలో వరసగా రెండుసార్లు మొదటి బహుమతి ఆమెదే. పరీక్షలో ఎవరైనా పక్కవాళ్ళ కాగితంలోకి తొంగిచూస్తే గట్టిగా గొంతు సవరించుకునేది. హాస్టల్లో ఎవరైనా దుప్పటి ముసుగులో ఫోన్ మాట్లాడితే వార్డెన్‌కి చెప్పేది. చెప్పి, ఆ తర్వాత ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి "నీ మంచికే చెప్పానే" అని వీపు నిమిరేది. నిమిరించుకున్నవాళ్ళు పళ్ళు నూరుకునేవాళ్ళు.

ఆమె గదిలోనే ఉండే ఇంకో అమ్మాయిని నత్త అనేవారు. నాడి చూడమంటే పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేసుకోవడం అందరికీ తెలిసిన దారి. నత్త మాత్రం నిమిషం మొత్తం లెక్కపెట్టేది. మధ్యలో రోగి దగ్గితే మళ్ళీ ఒకటి నుంచి మొదలు. ఆమె ఒక వరస మంచాలు పూర్తిచేసేసరికి మిగతావాళ్ళు టీ తాగి కప్పులు కూడా కడిగేసుకునేవారు. మగవాళ్ళ సర్జరీ వార్డుని ఇరవై ఆరేళ్ళుగా కంటిచూపుతో నడిపిస్తున్న వార్డు సిస్టరు రోజూ ఆమెను చూసి ఒకే మాట అనేది.

"ఏమ్మా, నాడి చూస్తున్నావా, జాతకం చూస్తున్నావా?"

నత్త తలెత్తేది కాదు. తలెత్తితే మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి కదా.

ఆ ఏడాది కాలేజీకి కొత్త ప్రిన్సిపాల్ మేడం వచ్చారు. కొద్ది నెలల్లో తనిఖీ కమిటీ వస్తుందని ఆవిడకి ముందే కబురందింది. పరికరాల గదిలో సగం పరికరాలు లేవు, గ్రంథాలయం తలుపుకి తాళంచెవి లేదు. ఇవన్నీ సమకూర్చాలంటే ఏళ్ళు పడుతుంది. విలువలైతే వారంలో సమకూర్చవచ్చని ఆవిడకి తోచింది. అలా "విలువల వారం" మొదలైంది. మెట్ల పక్కన సహనం, క్యాంటీన్ దగ్గర నిగ్రహం, బాత్రూముల దారిలో పవిత్రత అని బోర్డులు వెలిశాయి.

మొదటిరోజు అందరికీ "నా నైతిక స్వరూపం" అని నలభై ప్రశ్నల కాగితం పంచారు. ప్రతి ప్రశ్నకీ ఎదురుగా ఐదు గడులు: ఎల్లప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడు, అరుదుగా, ఎన్నడూ లేదు. రోగుల మీద నాకు విసుగు కలిగింది. చేయని పనిని చేసినట్టు రాశాను. ఎవరూ చూడనప్పుడు కూడా నేను ఒకేలా ఉంటాను. పన్నాలు పావుగంటలో ముగించేసి, చేతులు కట్టుకుని, మిగతావాళ్ళని జాలిగా చూస్తూ కూర్చుంది. ఆమెకి నూటికి నూరు వచ్చాయి. నత్తకి యాభై ఎనిమిది. అరవైకి తక్కువ వచ్చినవాళ్ళంతా సాయంత్రం కౌన్సెలింగ్‌కి రావాలని నోటీసు పెట్టారు. నోటీసులో ఉన్నది ఒక్క పేరే.

"విసుగు కలిగింది అన్నచోట 'తరచుగా' అని పెట్టావట?" అని అడిగింది పన్నాలు ఆ రాత్రి జడ వేసుకుంటూ.

"వస్తుందిగా మరి."

"వస్తే? రాసుకుంటారా ఎవరైనా?"

"అడిగారు కదా అని రాశాను" అంది నత్త.

"నీతో వచ్చిన చిక్కే ఇది. నీకు లోపల విలువలు లేవు, అందుకే ఇలా బయటపడిపోతావు" అని పన్నాలు ప్రేమగా దుప్పటి సర్ది పడుకుంది.

శుక్రవారం ముగింపు సభ. ఆదర్శ విద్యార్థిని పతకం పన్నాలుకే అని అప్పటికే అందరికీ తెలుసు. సభలో పదిమంది అమ్మాయిలు భుజాలకి పట్టీలు వేసుకుని పది విలువలుగా నిలబడి పాట పాడాలి, మధ్యలో పన్నాలు ప్రసంగించాలి. అందుకని గురువారం పొద్దున తొమ్మిదిన్నరకి ఆడిటోరియంలో రిహార్సల్. వార్డు డ్యూటీ మాత్రం మామూలే.

ఆ పొద్దున పన్నాలుకి అప్పగించిన వరసలో ఎనిమిది మంచాలూ కాళ్ళ కేసులే. నాలుగు గంటలకోసారి ప్రతి రోగి పాదాలూ తాకి చూడాలి. వెచ్చగా ఉందా చల్లగా ఉందా, పాదం మీద నాడి అందుతోందా లేదా అన్నది చార్టులో రాయాలి. ఐదో మంచం మీద ముందురోజు సాయంత్రం చేరిన దర్జీ ఉన్నాడు. వయసు అరవై నాలుగు. షుగరు వల్ల ఏడాది కిందట ఎడమకాలు మోకాలి కిందికి తీసేశారు. అప్పటినుంచీ కుడికాలు ఒక్కదానితోనే మిషను తొక్కుకుంటూ బతుకు లాగిస్తున్నాడు. ఇప్పుడు ఆ కాలి వేలికి పుండు పడింది. నడుం దాకా దుప్పటి కప్పుకుని, దిండుకి ఆనుకుని, వచ్చేపోయేవాళ్ళ బట్టల కుట్లకి వంకలు పెడుతూ కూర్చున్నాడు.

"ఈ యూనిఫాం ఎవరు కుట్టారమ్మాయీ? చంకలో లాగేస్తోంది. కత్తెర పట్టిన ప్రతివాడూ దర్జీ అయిపోతున్నాడు" అన్నాడు పన్నాలుని చూడగానే.

పన్నాలు నవ్వి దిండు సర్దబోయింది. దిండు కింద చేతికి క్రీము బిస్కెట్ల పొట్లం తగిలింది. సగం ఖాళీ.

"తాతగారూ, ఇదేమిటి?"

"నాది కాదు. పక్క మంచం ఆయనది."

పక్క మంచం ఆయనకి ముక్కులోంచి గొట్టం వేసి అందులోనే ఆహారం పోస్తున్నారు. ఆయన తన మీద పడ్డ నేరాన్ని కాదనే స్థితిలో కూడా లేడు.

పన్నాలుకి ఇలాంటి సందర్భాలంటే ప్రాణం. పొట్లాన్ని సాక్ష్యంలా ఎత్తిపట్టుకుంది. "తాతగారూ, మీరు దాచింది బిస్కెట్లని కాదు, నిజాన్ని. నన్ను మోసం చేయగలరు, డాక్టరుగారిని మోసం చేయగలరు. మీ ఒంటిని మోసం చేయగలరా?" అని మొదలుపెట్టింది. శుక్రవారం ప్రసంగంలో సగం అక్కడే అయిపోయింది. చుట్టుపక్కల మంచాలవాళ్ళు నిద్ర నటించారు. దర్జీ తలొంచుకుని, ఆమె జేబు కుట్టు వంకరగా ఉన్న సంగతి గమనిస్తూ అంతా విన్నాడు. ఆఖరికి పన్నాలు పొట్లాన్ని జేబులో వేసుకుని గడియారం చూసింది. తొమ్మిదీ ఇరవై అయిదు.

ఎనిమిది మంచాలు, పదహారు పాదాలు. ఆడిటోరియం అవతలి బ్లాకులో. పన్నాలు నర్సుల బల్ల దగ్గరికి వెళ్ళి ఎనిమిది చార్టులూ ముందేసుకుంది. పది గంటల గడిలో గుండ్రటి అందమైన చేతివ్రాతతో రాసింది: కుడి పాదం వెచ్చగా ఉంది, నాడి బాగా అందుతోంది. ఎడమ పాదం వెచ్చగా ఉంది, నాడి బాగా అందుతోంది. ఎనిమిదిసార్లు రాసి, ఎనిమిది సంతకాలు పెట్టింది. ఇదేదో తప్పు చేస్తున్నానని ఆమెకి అనిపించలేదు. తప్పులు చేసేవాళ్ళు వేరే ఉంటారని ఆమెకి గట్టి నమ్మకం. తనది మాత్రం తొందర, అంతే.

పదకొండు గంటలకి పెద్ద డాక్టరు రౌండుకి వచ్చాడు. పొడుగ్గా, ఎప్పుడూ ఎక్కడికో ఆలస్యమైపోతున్నట్టుండే మనిషి. ఆయన వెనక అరడజను మంది కుర్ర డాక్టర్లు. ఆ రోజు వాళ్ళ వెనక ప్రిన్సిపాల్ మేడం కూడా ఒక ఫొటోగ్రాఫర్ని వెంటబెట్టుకుని వచ్చారు. వార్డులో విలువలు ఎలా అమలవుతున్నాయో ఫొటోలు కావాలట. రిహార్సల్ నుంచి పరుగెత్తుకొచ్చిన పన్నాలు కూడా వరసలో నిలబడింది. హడావిడిలో భుజం మీది పట్టీ తీయడం మరిచిపోయింది. గులాబీరంగు పట్టీ మీద "సత్యం" అని బంగారు అక్షరాలు.

ఐదో మంచం దగ్గర పెద్ద డాక్టరు చార్టు తీసి పైకి చదివాడు. "ఎడమ పాదం వెచ్చగా ఉంది. నాడి బాగా అందుతోంది." ఆగాడు. మళ్ళీ చదివాడు. చేయి చాచి దుప్పటి పక్కకి లాగాడు.

మోకాలి కింద ఏమీ లేదు.

పన్నాలుకి అరికాళ్ళనుంచి చల్లటిది ఏదో పాకి పైకొచ్చింది. ఎవరో కుర్ర డాక్టరు నవ్వాపుకోలేక దగ్గాడు.

"ఇది రాసింది ఎవరు?" అన్నాడు పెద్ద డాక్టరు.

"నేనే రాయమన్నానండీ" అన్నాడు దర్జీ.

అందరూ ఆయనవైపు తిరిగారు.

"ఆ కాలు పోయి ఏడాదైంది గానీ, నాకింకా ఉన్నట్టే ఉంటుంది డాక్టరుగారూ. ఒకరోజు దురద, ఒకరోజు మంట. ఇవాళ పొద్దున హాయిగా, వెచ్చగా ఉంది. ఈ అమ్మాయి అడిగితే అదే చెప్పాను. పాపం, చెప్పింది చెప్పినట్టు రాసుకుంది."

లేని కాలు ఉన్నట్టు అనిపించడం డాక్టర్లకి తెలియని సంగతేమీ కాదు. అందుకే పెద్ద డాక్టరు వెంటనే ఏమీ అనలేకపోయాడు. ఆయన తేరుకునేలోపే ప్రిన్సిపాల్ మేడం ముందుకొచ్చారు.

"చూశారా! మా పిల్ల ఉన్న కాలు మాత్రమే కాదు, పోగొట్టుకున్న కాలు మాట కూడా విన్నది. ఇదండీ సంపూర్ణ సేవ అంటే. అమ్మాయ్, నువ్విలా ఆయన చెయ్యి పట్టుకుని నిలబడు. పట్టీ కనబడేలాగ."

"కవిత్వమైతే వేరే కాగితం మీద రాయమనండి మేడం" అన్నాడు పెద్ద డాక్టరు. కానీ ఆ మాట ఫొటోగ్రాఫర్ "కొంచెం ఇటు చూడండి" అనే కేకలో కలిసిపోయింది. ఆయనకి ఇంకో వార్డులో ఆలస్యమవుతోంది. కుడి పాదం సంగతి చార్టులో బాగుందనే ఉంది. ఆయన ఆరో మంచానికి వెళ్ళిపోయాడు.

రౌండు ముగిశాక దర్జీ పన్నాలుని వేలితో దగ్గరికి పిలిచాడు.

"నీ సంగతి నాకు తెలియదు, నా సంగతి నీకు తెలియదు. ఇంతకీ ఆ పొట్లం ఎక్కడుందమ్మాయీ?"

పన్నాలు అటూ ఇటూ చూసింది. జేబులోంచి పొట్లం తీసి దిండు కింద పెట్టింది. ఈసారి ఉపన్యాసం లేదు.

రెండు గంటల చార్టు నత్త వంతు. ఐదో మంచం దగ్గరికొచ్చేసరికి రెండుంబావు అయింది. దుప్పటి తీసి కుడి పాదం మీద చేయి వేసింది. రాయిలా చల్లగా ఉంది. మీద వేళ్ళు పెట్టి చూసింది, చీలమండ వెనక చూసింది. నాడి అందలేదు. మళ్ళీ చూసింది. కాలివేళ్ళ రంగు మారుతోంది.

"తాతా, నొప్పిగా ఉందా?"

"పొద్దుటినుంచీ తిమ్మిరిగా ఉంది. సగం సగం నొప్పి. చెబితే ఇంకో ఇంజెక్షన్ పొడుస్తారని ఊరుకున్నాను."

నత్త వెళ్ళి వార్డు సిస్టరుకి చెప్పింది. సిస్టరు చార్టు చూసింది. "పదింటికి బాగుందని ఉందిగా? పెద్ద డాక్టరుగారు కూడా చూసి వెళ్ళారు. నీకు నాడి దొరకడానికి మామూలుగానే అరగంట పడుతుంది. వెళ్ళి మళ్ళీ చూడు."

"మూడుసార్లు చూశాను సిస్టర్. మీరొకసారి రండి."

"నాకిక్కడ పని లేదనుకున్నావా?"

నత్త కదల్లేదు. వాదించడం ఆమెకి చేతకాదు. నిలబడడం మాత్రం వచ్చు. ఆమె అలా బల్లకి అడ్డంగా, చార్టు పట్టుకుని నిలబడేసరికి సిస్టరుకి ఎదురుగా ఉన్న కాగితాలు కనబడడం మానేశాయి. "నీతో చచ్చే చావొచ్చింది" అని లేచి వెళ్ళి పాదం తాకింది. తాకిన మరుక్షణం ఆవిడ మొహం మారిపోయింది. "స్ట్రెచర్!" అన్న కేక అవతలి బ్లాకు దాకా వినబడింది.

పావుగంటలో దర్జీని ఆపరేషన్ థియేటర్ ముందుకి చేర్చారు. ఆయన భార్య అప్పుడే వచ్చింది. ఇంట్లో ఆయన కుడితే కాజాలు తీసేది ఆవిడే. వేలికి తొడుక్కునే ఇత్తడి తొడుగు తీయడం కూడా మరిచి పరుగెత్తుకొచ్చింది. కాగితం మీద ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టి, తలుపు పక్క బెంచీ మీద కూలబడింది.

పెద్ద డాక్టరు చేతులు కడుక్కోబోతూ పన్నాలుని పిలిపించాడు.

"పొద్దున ఆరింటికి నాడి బలహీనంగా ఉందని రాత్రి నర్సు రాసింది. పదింటికి బాగుందని నువ్వు రాశావు. అంటే రక్తం గడ్డ కట్టింది పది తర్వాత. గడ్డ కొత్తదైతే ఒక దారి, పాతదైతే ఇంకో దారి. పదింటికి నువ్వే చూశావు కదా? నాడి ఉందా?"

"ఉంది సార్" అంది పన్నాలు.

ఆ మాట ఆమె అనాలనుకోలేదు. ఇన్నేళ్ళుగా సరైన గడిలో టిక్కు పెట్టీ పెట్టీ అలవాటైన నోరు కదా, దానంతటదే అనేసింది. డాక్టరు లోపలికి వెళ్ళాడు. తలుపు మూసుకుంది.

పన్నాలు వార్డు వైపు నాలుగడుగులు వేసింది. ఎదురుగా నత్త చార్టు తీసుకుని వస్తోంది. నత్త కళ్ళలో నింద లేదు, అనుమానం లేదు. "పదింటికి బాగానే ఉందన్నమాట. అయితే ఇంకా టైముంది. కాలు దక్కుతుంది" అంది తేలిగ్గా ఊపిరి పీల్చుకుని.

నింద అయితే పన్నాలు తట్టుకునేదేమో. నింద ఎలా తిప్పికొట్టాలో ఆమెకి తెలుసు. ఆ నమ్మకాన్ని మాత్రం ఏం చేయాలో తెలియలేదు. వెనక్కి తిరిగి పరుగెత్తింది. థియేటర్ తలుపు రెండు చేతులా బాదింది. లోపలనుంచి ఎవరో తిడుతూ తలుపు సందు తీశారు.

"సార్, నేను చూడలేదు! పదింటికి నేనసలు మంచం దగ్గరే లేను. ఉన్న కాలూ చూడలేదు, లేని కాలూ చూడలేదు. ఊరికే రాసేశాను."

పెద్ద డాక్టరు మాస్కు మీదుగా ఆమెని రెండు క్షణాలు చూశాడు. భుజం మీద గులాబీరంగు పట్టీ ఇంకా అలాగే ఉంది.

"అయితే ఆరింటినుంచీ లెక్క" అని లోపలికి తిరిగి ఎవరితోనో అన్నాడు. తర్వాత ఆమెతో, "వెళ్ళు. నిన్ను తర్వాత తిడతాను" అన్నాడు.

ఆయనకున్న తొందరలో ఆ తిట్టు ఎన్నటికీ తీరలేదు. పన్నాలు వారాలపాటు దానికోసం ఎదురుచూసింది.

బెంచీ మీద కూర్చున్న దర్జీ భార్య అంతా విన్నది. వేలి తొడుగు తీసి, మళ్ళీ పెట్టుకుంది.

మూడు గంటలు పట్టింది. పాదం దక్కింది. రెండు వేళ్ళు పోయాయి. ముందే తెలిసి ఉంటే ఆ రెండూ దక్కేవా అంటే ఎవరూ చెప్పలేరు. కుర్ర డాక్టర్ని పన్నాలు అదే అడిగితే, "దక్కేవేమో. దక్కకపోయేవేమో" అన్నాడు. ఆ రెండు మాటల్లో దేన్ని పట్టుకోవాలో ఆమెకి తెలియలేదు.

సాయంత్రం నేరుగా ప్రిన్సిపాల్ గదికి వెళ్ళి జరిగింది చెప్పింది. మేడం కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అంటే లేని కాలు మాట నువ్వు వినలేదా?"

"లేదు మేడం."

"పేషెంటే చెప్పాడుగా విన్నావని?"

"నన్ను కాపాడడానికి చెప్పాడు మేడం. బిస్కెట్ల కోసం."

"బిస్కెట్లేమిటమ్మా మధ్యలో! చూడు, వార్త పేపర్‌కి పంపించేశాను. ఫ్లెక్సీ ప్రింటుకి వెళ్ళింది. తనిఖీ కమిటీకి ఇచ్చే పుస్తకంలో ఎనిమిదో పేజీ ఇదే. ఇప్పుడు నువ్వొచ్చి నిజం అంటే ఎలా? విలువల వారంలోనే ఇలా చేస్తారా ఎవరైనా? సోమవారం మాట్లాడుకుందాం. రేపు సభకి పట్టీ ఇస్త్రీ చేయించుకుని రా."

శుక్రవారం పన్నాలు సభకి వెళ్ళలేదు. వార్డులోనే ఉండిపోయింది. ఆడిటోరియంలో ఆమె పేరు పిలిచి, ఎవరూ రాకపోయేసరికి, మేడం మైకు ముందుకొచ్చి "ఆదర్శ విద్యార్థిని ఈ క్షణంలో కూడా రోగుల సేవలో నిమగ్నమై ఉన్నందువల్ల రాలేకపోయింది" అన్నారు. ఆ వారం మొత్తానికి అంత పెద్ద చప్పట్లు మోగలేదట. పతకం నత్త చేతికిచ్చి పంపారు.

"ఏం చేసుకోమంటావు దీన్ని?" అంది పన్నాలు.

"నాకేం తెలుసు? ఇచ్చారు, తెచ్చాను."

"నువ్వెందుకే ఎవరికీ చెప్పలేదు, నేను చూడలేదని?"

"నువ్వు చూడలేదని నాకెలా తెలుస్తుంది? అలా చేస్తావని అనుకోలేదు." నత్త మంచం మీద కూలబడి కాళ్ళు చాచుకుంది. "ఆ తాతంటే నాకు మహా విసుగు. నిన్న రెండింటికి ఆయన మంచం వదిలేసి ముందుకి పోదామా అనుకున్నాను కూడా. నా యూనిఫాంకి పొద్దుటినుంచి పద్నాలుగు వంకలు పెట్టాడు."

అదే రోజు పేపర్లో వార్త పడింది. పన్నాలు వాళ్ళమ్మకి పుస్తకాలూ పెన్నులూ అమ్మే చిన్న కొట్టుంది. ఆవిడ వార్తని కత్తిరించి, ప్లాస్టిక్ కాగితం అద్దించి, గల్లాపెట్టె పైన తగిలించింది. ఫోన్ చేసి ఏడ్చింది కూడా.

"అమ్మా, అది నిజం కాదు. తీసెయ్" అని కూతురు మొత్తం చెప్పింది.

"మరి పేపర్లో పడిందిగా?"

"పడింది. అబద్ధం పడింది."

"అబద్ధం పేపర్లో ఎందుకేస్తారే? నీ ఫొటో కూడా ఉంది!" అంది తల్లి. అంతలోనే, "నలుగురికీ చూపించేశానే తల్లీ" అంది చిన్న గొంతుతో. మర్నాడు తీసేసిందట. ఏమైందని అడిగినవాళ్ళకి ఎండకి వెలిసిపోయిందని చెప్పుకుంది.

సోమవారం పన్నాలు తన తప్పుకి శిక్ష వేయమని ఉత్తరం రాసుకుని మళ్ళీ ఆఫీసుకి వెళ్ళింది. మేడం తప్పించుకుని గుమాస్తా దగ్గరికి పంపారు. గుమాస్తా శిక్షల రిజిస్టరు తెరిచాడు. మంచివాడు, నిదానస్తుడు.

"తప్పుడు చార్టుకి ఇందులో గడి లేదమ్మా. చూడు, యూనిఫాం, జడ, ఫోను, హాస్టల్ గేటు, ఆలస్యం, టోపీ. ఆరే ఉన్నాయి. నీ తప్పు వీటిలో దేంట్లోకి వస్తుంది?"

"దేంట్లోకీ రాదండీ."

"రాకపోతే రాయలేను. రాయకపోతే శిక్ష పడదు." కాసేపు ఆలోచించాడు. "టోపీ లేకుండా వార్డుకి వచ్చినట్టు రాయనా? దానికి ఆరువారాల డ్యూటీ మళ్ళీ చేయించవచ్చు. గడ్డు శిక్షే అది."

"నేను ఒక్కరోజు కూడా టోపీ లేకుండా రాలేదు."

"నాకు తెలుసమ్మా. కానీ శిక్ష కావాలంటున్నావు కదా?"

పన్నాలుకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. సంతకం పెట్టింది. రిజిస్టరుకెక్కిన ఆమె మొదటి తప్పు ఆమె చేయనిది.

ఆ ఆరువారాలూ వార్డు సిస్టరు కిందే పడ్డాయి. మొదటిరోజు సిస్టరు ఆమెని దుప్పట్ల గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"థియేటర్ దగ్గర అరిచావట."

"అవును సిస్టర్."

సిస్టరు దుప్పట్లు మడతపెట్టడం మొదలుపెట్టింది. "ఇరవై ఆరేళ్ళు. రెండు చేతులు, నలభై మంచాలు. నేను చూడకుండా ఎన్ని రాశానో నాకే తెలియదు. ఏ కాలూ పోలేదు కాబట్టి మంచిదాన్ననే అనుకున్నాను" అంది. వెంటనే గొంతు పెంచి, "ఏమిటలా నిలబడ్డావు? ఎనిమిది మంచాలు ఎవరు చూస్తారు, మీ తాతా?" అని గద్దించింది.

దర్జీ ఇంకా మూడువారాలు ఉన్నాడు. పన్నాలు ఆయన దగ్గరికి వెళ్ళి క్షమించమంది. ఆయన చేయి ఊపేశాడు.

"నా కాలు ఎవరు పట్టుకున్నారో ఎవరు పట్టుకోలేదో నాకు తెలియదా అమ్మాయీ? నీ మీద జాలితో చెప్పాననుకున్నావా? నువ్వు దొరికావు కదా, ఇక నా జోలికి రావని సంతోషించాను. తిమ్మిరి సంగతి అప్పుడే చెప్పి ఉండాల్సింది. నేనూ నోరు మూసుకున్నాను. నీ దొంగతనం నీది, నా దొంగతనం నాది. మధ్యలో రెండు వేళ్ళు పోయాయి." కట్టు వైపు చూసుకుని, "మిషను తొక్కడానికి మడమ ఉందిలే" అన్నాడు. అది ధైర్యమో బడాయో ఆమెకి తెలియలేదు. ఆ మాట అన్నాక ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇంటికి పంపించే రోజు పన్నాలే చక్రాల కుర్చీ తోసుకుంటూ గేటు దాకా వచ్చింది. దర్జీ భార్య మందుల సంచీతో పక్కనే నడిచింది. ఇన్నిరోజుల్లో ఆవిడ పన్నాలుతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. గేటు దగ్గర అద్దె కారు ఆగి ఉంది. దర్జీని వెనక సీట్లో కూర్చోబెట్టాక ఆవిడ పన్నాలు వైపు తిరిగింది.

"ఈయన అబద్ధాలాడతాడు. నువ్వు అబద్ధాలు రాస్తావు. ఇద్దరికీ బాగా కుదిరింది. ఇంట్లో చాకిరీ చేసేది మాత్రం నేను."

పన్నాలు తల దించుకుంది.

"తల దించితే నాకేం లాభం? కాలు ఎలా చూడాలో నేర్పు. నీకొచ్చో రాదో గానీ."

"వచ్చమ్మా" అంది పన్నాలు. కారు పక్కన నేల మీద మోకాళ్ళమీద కూర్చుంది. కట్టు లేనిచోట, పాదం మీద ఎముక పక్కన ఆవిడ వేళ్ళు పెట్టించింది. "గట్టిగా నొక్కకండి. నొక్కితే ఆగిపోతుంది. ఊరికే ఆనించండి."

"ఏమీ తెలియడం లేదు."

"కొంచెం ఇటు. ఇంకొంచెం."

"లేదు."

"ఉంటుందమ్మా, ఉండండి."

దర్జీ "నాకు చక్కిలిగింత" అన్నాడు. భార్య నోరు ముయ్యమంది. వెనక అంబులెన్సు వచ్చి ఆగింది. గేటు కాపలావాడు కారు తీయమని ఈల వేశాడు. డ్రైవరు ఒకసారి హారన్ కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. ఆవిడ కళ్ళు మూసుకుంది. సూది పట్టీ పట్టీ కాయలు కాసిన వేళ్ళు అవి. మెల్లగా జరిగి, ఒకచోట ఆగాయి. మొహంలో గంటు సడలింది.

"ఇదేనా? పిట్టలాగ కొట్టుకుంటోంది?"

పన్నాలు పక్కనే తన వేలు కూడా ఆనించి చూసింది. "అదేనమ్మా."

మూడోసారి హారన్ మోగింది.

"ఆగవయ్యా!" అని కసిరింది దర్జీ భార్య కళ్ళు తెరవకుండానే. "ఇక్కడ కాలు చూసుకుంటున్నాం."